ఇంకో బాటిల్ ఎక్కించండి!

కోనసీమలో ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది: "డాక్టరు గారూ, మనిషి బాగా నీరసంగా ఉన్నాడండి, ఇంకో సెలైన్ ఎక్కించండి." సెలైన్ అంటే బలమని మనవాళ్ల నమ్మకం. అర లీటరు బాటిల్‌లో ఉండేది నీళ్లూ 4.5 గ్రాముల ఉప్పూ, అంతే.

ఆపరేషన్‌లో దాని అవసరం ఉంది, కాదనను. మత్తుకు రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, పైగా రక్తం పోతుంది. అయితే ఎక్కించిందంతా నాళాల్లో నిలవదు. చాలావరకు చుట్టూ ఉన్న కణజాలంలోకి జారుకుంటుంది. ఎందుకో 1896లోనే ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లిష్ శరీరధర్మ శాస్త్రవేత్త చెప్పాడు. నాళంలోని ఒత్తిడి నీటిని బయటికి తోస్తుంది, రక్తంలోని ప్రొటీన్ లోపలే పట్టి ఉంచుతుంది. సెలైన్ ఎక్కువైతే ఒత్తిడి పెరుగుతుంది, ప్రొటీన్ పలచబడుతుంది. రెండు విధాలా నీరు బయటికే.

ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం చాలాచోట్ల మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అక్కడ ఊట ఎప్పుడూ ఉంటుంది, కణజాలంలో మిగిలిన నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చే శోషరస నాళాలు దాన్ని లాగేస్తుంటాయి. డెల్టా రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చేలో నీరు పెట్టడం తేలిక, తీయడమే కష్టం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలువలొచ్చాయి, మన గొడవ మాత్రం ఇప్పటికీ మురుగు డ్రెయిన్ల గురించే. డ్రెయిన్ లాగలేనంత నీరొస్తే చేను మునుగుతుంది. ఊపిరితిత్తిలోనూ అంతే, ముందు గాలి సంచుల చుట్టూ చెమ్మ చేరి ఊపిరితిత్తి బిగుసుకుంటుంది. తర్వాత సంచుల్లోకే నీరు దిగుతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది. అసలే మత్తులో వెల్లకిలా పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల వెనుక భాగం కొంత ముడుచుకుపోయి ఉంటుంది. ఇక ఒక ఊపిరితిత్తి తీసేసిన వాళ్లకైతే రక్తమంతా మిగిలినదాని గుండానే పోవాలి, కాబట్టి వాళ్ల విషయంలో చేయి మరీ బిగిస్తారు.

అలాగని ఎండగట్టినా ప్రమాదమే. పెద్ద పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న దాదాపు 3000 మందిపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. ద్రవాలు బాగా తగ్గించినవారిలో 8.6 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ధారాళంగా ఇచ్చినవారిలో 5 శాతం మందికే.

అందుకే మత్తు డాక్టరు బీపీనీ, మూత్రం సంచినీ, ఆక్సిజన్ అంకెనూ చూసుకుంటూ ఎక్కిస్తాడు. రోగి నోటితో తాగడం మొదలెడితే చాలు, సెలైన్ ఆపేస్తారు. వరండాలో గొడవ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.