పంచాయతీ కుర్చీ ఎప్పుడు పోయింది?

కరెంటు ప్లాంటు ఎక్కడ పెట్టాలో పంచాయతీని అడిగి ఎవరూ తేల్చరు, అది తెలిసిన సంగతే. అయితే కొన్నేళ్ల పాటు కనీసం వినేవాళ్ల వరసలో దానికో కుర్చీ ఉండేది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో గ్రామీణ విద్యుదీకరణ ఉంది, సంప్రదాయేతర ఇంధనాలూ ఉన్నాయి. మరుసటి జనవరిలో పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 1997లో దానికి ప్రజాభిప్రాయ సేకరణ నిబంధనలు చేర్చింది. ఆ సేకరణ సభ నడిపే ప్యానెల్‌లో కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లతో పాటు పంచాయతీల లాంటి స్థానిక సంస్థల నుంచి ముగ్గురి దాకా కూర్చునే వీలుండేది.

2006 సెప్టెంబరులో కొత్త నోటిఫికేషన్ వచ్చి ఆ ప్యానెల్‌నే ఎత్తేసింది. ఇప్పుడు సభ నడిపేది కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి, పంచాయతీ పనల్లా పర్యావరణ అంచనా ముసాయిదా నివేదికను ఆఫీసులో జనానికి అందుబాటులో పెట్టడమే. నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు, తెలుగులో ఉండాల్సింది సారాంశం మాత్రమే, చదివి అభ్యంతరం చెప్పడానికి కనీసం 30 రోజులు, సభకు కోరం అక్కర్లేదు, అంటే టెంటు కింద పదిమందే ఉన్నా జరిగినట్టే లెక్క. పైగా ఆ నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది కంపెనీయే. పెళ్లికొడుకు గుణగణాలు వాళ్ల మేనమామను అడిగి తెలుసుకున్నట్టు.

దీని ఫలితం శ్రీకాకుళం జిల్లా సోంపేటలో చూశాం. బీల అనే చిత్తడి నేల అంటే అక్కడివాళ్లకు చేపలు, వరి, సాగునీరు. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు 2009లో అనుమతి వచ్చేసింది. 2010 జులై 14న ప్లాంటు వద్దన్న జనంపై పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, దాదాపు అదే సమయంలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరిలో, అదే జిల్లా కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అదీ 2,640 మెగావాట్లే, అదీ తంపర అనే చిత్తడి భూముల్లోనే. ఒకే తీరంలో రెండు ప్లాంట్లు వస్తే నీళ్లేమవుతాయి, గాలేమవుతుంది అని కలిపి చూడాలంటే ముందు జిల్లా మొత్తానికీ ఒక అంచనా ఉండాలి, మన చట్టం అది అడగదు, ఒక్కో ప్రాజెక్టునూ విడిగానే చూస్తుంది. నా ఉద్దేశంలో అసలు లోపం ఇక్కడే ఉంది, కుర్చీ పోవడం కన్నా ఇదే పెద్దది.

సోలార్‌కు ఆ విడి అంచనా కూడా లేదు. అప్పటి కర్నూలు జిల్లాలో వేల ఎకరాల్లో పరుచుకున్న 1,000 మెగావాట్ల పార్కు లాంటి వాటికీ ఈ నోటిఫికేషన్ కింద అనుమతి అక్కర్లేదు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. బొగ్గుతో పోలిస్తే పొగ లేదు, నిజమే, మేత భూములు పోయిన గొర్రెలకాపరి ఆ మాట ఎక్కడికెళ్లి చెప్పుకోవాలి?

2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో ఆ 30 రోజులనూ 20కి తగ్గించాలని చూశారు. దాన్ని విడుదల చేసింది ఇంగ్లీషు, హిందీల్లోనే, మిగతా భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.