గీతలు పడిన రాళ్లు, గోదావరి లోయ బొగ్గు

“ఇప్పటిలాంటి యంత్రాలు లేని రోజుల్లో, నేలను తవ్వకముందే ఫలానా చోట బొగ్గు ఉంటుందని ఎలా చెప్పగలిగారు?” అని ఒక పాఠకురాలు అడిగారు. సింగరేణి గురించి చదివినప్పటి నుంచి ఆమెకు ఈ సందేహం ఉందట. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. దీని సమాధానం బొగ్గుకు అడుగున ఉండే ఒక రాతిపొరలో దాగి ఉంది. ఆ రాయి పొయ్యిలో వెలగదు, దాన్ని ఎవరూ కొనరు.

ఈ వెతుకులాట చేపట్టిన ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా చరిత్రను రెండు మాటల్లో ముగిస్తాను. ఈస్టిండియా కంపెనీ బొగ్గు కోసం 1846లో డేవిడ్ హైరం విలియమ్స్ అనే సర్వేయరును రప్పించింది. ఆయన రెండేళ్లకే అడవి జ్వరంతో చనిపోయాడు. 1851 మార్చిలో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాకు వచ్చి పని చేపట్టిన నాటి నుంచి ఆ సంస్థ వయసును లెక్కిస్తారు. ప్రభుత్వానికి కావలసింది గనులే అయినా, ముందుగా శిలల పటం గీయాలని, పటం లేని వెతుకులాట గుడ్డిదని ఓల్డ్‌హామ్ పట్టుబట్టాడు. ఆయన పట్టుదల ఎంత సరైనదో గోదావరి లోయ చూపుతుంది.

ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు క్షేత్రాన్ని ఆ సర్వేకు చెందిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు విలియం, హెన్రీలు, వారితోపాటు విలియం థియోబాల్డ్ పరిశీలించి, 1856లో నివేదిక ప్రచురించారు. బొగ్గు పొరలకు కింద, ప్రాచీన శిలలకు పైన, వారికి ఒక వింత పొర కనిపించింది. మెత్తని ఆకుపచ్చ మట్టిరాతిలో పిడికెడు రాళ్లు, గుమ్మడికాయంత రాళ్లు, మనిషి ఎత్తలేని బండలు కలగాపులగంగా ఇరుక్కుని ఉన్నాయి.

ఇందులో వింత ఏమిటో తెలియాలంటే నీటి స్వభావం తెలియాలి. నీరు జల్లెడ పడుతుంది. చెరువు మట్టిని ఒక గాజు సీసాలో కలియబెట్టి కదపకుండా ఉంచితే, ఇసుక వెంటనే అడుగుకు చేరుతుంది, ఒండ్రు మాత్రం మరునాటికి గాని తేరుకోదు. సన్నని రేణువు నీటిలో దిగే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం పదో వంతయితే వేగం నూరో వంతవుతుంది. నిశ్చలమైన నీటిలో ఒక మీటరు దిగడానికి 0.1 మిల్లీమీటరు రేణువుకు సుమారు 2 నిమిషాలు పడితే, 0.01 మిల్లీమీటరు రేణువుకు 3 గంటలు పడుతుంది. బండను దొర్లించగలిగే వరద ఒండ్రును నిలవనివ్వదు, ఒండ్రు పేరుకునేంత నిలకడైన నీరు బండను కదిలించలేదు. ఆ రెండూ ఒకే పొరలో ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయంటే, వాటిని మోసుకొచ్చినది ఏటి ప్రవాహం అయి ఉండదు. మంచు అయితే ఆ పని చేయగలదు. అది గడ్డకట్టిన పదార్థం కనుక ధూళినీ బండనూ ఒకే వేగంతో మోస్తుంది, కరిగిన చోట అన్నిటినీ కలిపి వదిలేస్తుంది.

తాల్చేరు ఉన్నది 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అదీ పల్లపు ప్రాంతంలో. అక్కడ ఒకప్పుడు మంచు ఉండేదంటే నమ్మడం తేలిక కాదు. నమ్మించినవి గీతలు. ఏటి రాయి అన్ని వైపులా దొర్లుతుంది కనుక గుండ్రబడుతుంది. హిమానీనదం, అంటే నెమ్మదిగా జారే మంచు ప్రవాహం, అడుగున బిగుసుకుపోయిన రాయి మాత్రం కింది నేలకు రాసుకుంటూ పోయి, ఒక పక్కనే సానబట్టినట్టు చదునవుతుంది. ఆ చదును మీద సమాంతరంగా గీతలు పడతాయి. పట్టు సడలి రాయి ఒరిగితే మరో పక్క చదునై, మరో దిక్కుకు గీతలు పడతాయి. 1870లలో చాందా, అంటే నేటి చంద్రపూర్ సమీపాన ఇరై గ్రామం దగ్గర, ఇలాంటి రాళ్ల కింద ఉన్న సున్నపురాతి నేల మీద కూడా అవే గీతలు ఉన్నట్టు అదే సర్వేకు చెందిన ఫెడెన్ గుర్తించాడు. గీకిన రాయి, గీకబడిన నేల రెండూ ఒకేచోట దొరికాయి. దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ దాదాపు అదే కాలపు మంచు పొరలు బయటపడ్డాయి. ఇవి సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. అప్పుడు ఈ భూభాగాలన్నీ కలిసి దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేవి. ఈ శిలల వరుసకు గోండుల పేరిట గోండ్వానా అన్న మాటను 1872లో అదే సర్వేకు చెందిన మెడ్లికాట్ వాడాడు.

మంచు కరిగిన తరువాత ఆ పల్లాలు చిత్తడి నేలలయ్యాయి, అక్కడ పెరిగిన చెట్లే బొగ్గయ్యాయి. అందువల్ల అడుగున తాల్చేరు పొర, దానిపైన బొగ్గున్న బరాకర్ ఇసుకరాయి, ఆపైన కామ్ఠీ ఇసుకరాయి అన్న క్రమం ఏర్పడింది. ఒక తాటాకు పుస్తకాన్ని ఏటవాలుగా ఇసుకలో పాతి, పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని సమంగా కోసేస్తే, ఆకుల అంచులు వరుసగా నేల మీద కనిపిస్తాయి. వాలిన శిలలు అచ్చం అలాగే ఉంటాయి. తాల్చేరు పొరకు చెందిన, సూదుల్లా విరిగే ఆకుపచ్చ మట్టిరాయి ఒక వాగులో కనిపిస్తే, శిలలు వాలుతున్న దిక్కుగా నడిస్తే బరాకర్ అంచు తగలాలి. వాలు 10 డిగ్రీలుంటే, ఆ అంచుకు కిలోమీటరు దూరంలో అదే పొర సుమారు 176 మీటర్ల లోతున ఉంటుంది. సుత్తి, వాలు కొలిచే క్లైనోమీటరు, నడిచే కాళ్లు ఉంటే ఈ లెక్క సాధ్యం. కడప, కర్నూలు శిలలను కూడా వివరించిన సర్వే ఉద్యోగి విలియం కింగ్ 1871లో గోదావరి లోయలోని ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం కింగ్ ఈయన తండ్రే.

ఇదే తాటాకు పుస్తకం నీటికీ పనికొస్తుంది. రెండు బంకమట్టి పొరల నడుమ ఇసుక పొర వాలుగా ఉంటే, మిట్టన బయటపడిన దాని అంచులో ఇంకిన వాన పల్లంలో ఒత్తిడితో నిలుస్తుంది. అక్కడ బోరు వేస్తే నీరు తానే పైకి లేస్తుంది. పాండిచ్చేరిలోని అలాంటి బావుల గురించి 1880లో కింగ్ రాశాడు. తెలంగాణ, రాయలసీమల్లో విస్తారంగా ఉన్న గ్రానైటులో ఇటువంటి పొరలు లేవు. అక్కడ నీరు పైపైన శిథిలమైన రాతిలోనూ దాని కింది పగుళ్లలోనూ ఉంటుంది. ఆ శిథిల పొర చాలాచోట్ల పరుచుకుని ఉంటుంది కనుకనే, బోరుకు చోటు చూపేవారి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోటా, నిలబడని చోటా కొద్దో గొప్పో నీరు పడుతుంది.