షుగర్ బయటపడక ముందు ఏం జరుగుతుంది?

పిల్లవాడికి టైప్ 1 షుగర్ అనగానే ఇంట్లోవాళ్లకు మొదట వచ్చే సందేహం, "మొన్నటిదాకా బాగానే ఉన్నాడు కదా, ఉన్నట్టుండి ఎలా వచ్చింది?" అని. ఆ వెంటనే తప్పు మిఠాయిల మీదికి పోతుంది. మిఠాయిలకు దీనితో సంబంధం లేదు. ఉన్నట్టుండి రావడమూ నిజం కాదు. తెగ దాహం, పక్క తడపడం, బరువు తగ్గడం కనిపించే నాటికి చాలామందిలో లోపలి గొడవ మొదలై నెలలో, ఏళ్లో గడిచిపోయి ఉంటాయి.

దీనికి తొలి ఆధారం 1974లో లండన్‌లో దొరికింది. బొటాజో, డోనియాక్ బృందం కొందరు షుగర్ రోగుల సీరాన్ని (రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవాన్ని) మనిషి క్లోమం నుంచి కోసిన పలుచటి పొరల మీద వేసి, మెరిసే రంగు కలిపి మైక్రోస్కోపులో చూసింది. ఇన్సులిన్ తయారయ్యే కణాల గుంపులు మాత్రమే వెలిగాయి. అంటే ఆ రోగుల రక్తంలో సొంత క్లోమాన్నే పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయన్నమాట.

అవి ఎప్పుడు పుడతాయో తేల్చాలంటే ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలనే ఏళ్ల తరబడి గమనించాలి. ఫిన్లాండ్ 1994లో ఆ పని మొదలుపెట్టింది. తర్వాత టెడ్డీ అధ్యయనం అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీల్లో జన్యుపరంగా ముప్పు ఎక్కువున్న 8 వేల మందికి పైగా పిల్లలను ఎంచుకుని, తొలి ఏళ్లలో మూడు నెలలకోసారి రక్తం తీసి చూసింది. ఇన్సులిన్‌ మీద యాంటీబాడీలు చాలాసార్లు ఏడాది, రెండేళ్ల వయసులోనే కనిపించాయి. గ్యాడ్ అనే ప్రొటీన్‌ మీద వచ్చేవి కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. అసలు దీన్ని రాజేసేది ఏమిటన్నది ఇంకా తేలలేదు. కాక్సాకీ బి రకం వైరస్‌ల మీద అనుమానం బలంగా ఉంది.

ఒకే రకం యాంటీబాడీ ఉంటే అంతగా టెన్షన్ పడక్కర్లేదు. ముప్పున్న పిల్లల మీద 2013లో వెలువడిన లెక్క ప్రకారం, అలాంటివాళ్లలో యాంటీబాడీ కనిపించాక పదేళ్లలోపు షుగర్ వచ్చింది సుమారు 15 శాతం మందికే. రెండు, అంతకు మించి ఉన్నవాళ్లలో అది 70 శాతం. అందుకే ఇప్పుడు రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా, రెండు రకాలు కనిపిస్తే దాన్ని జబ్బు మొదటి దశగానే లెక్కిస్తున్నారు.

విచిత్రమేమిటంటే, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతున్నది ప్రధానంగా ఈ యాంటీబాడీలు కావు. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని ఓ అబ్బాయికి కూడా టైప్ 1 వచ్చినట్టు 2001లో నమోదైంది. చంపేవి టి కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటిని నెమ్మదింపజేసే టెప్లిజుమాబ్ అనే మందును రెండో దశలో, అంటే షుగర్ కాస్త అదుపు తప్పినా లక్షణాలు ఇంకా రానివాళ్లకు, 14 రోజులు వరసగా సెలైన్‌లా ఎక్కిస్తారు. 2022 నవంబరులో అమెరికా దీన్ని అనుమతించింది. జబ్బును సగటున రెండేళ్లు వాయిదా వేస్తుంది, అంతే. ఎనిమిదేళ్ల పిల్లకు సూదులు లేని ఆ రెండేళ్లు తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ఇంట్లో ఒకరికి టైప్ 1 ఉంటే మిగతా పిల్లలకు ఈ పరీక్షలు చేయించాలా వద్దా అని డాక్టర్‌ను అడగవచ్చు. హైదరాబాద్‌లాంటి నగరాల్లో గ్యాడ్ పరీక్ష దొరుకుతుంది. కానీ ఆ ఒక్కటే చేయించి, నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండిపోకూడదు. చిన్నపిల్లల్లో తరచూ ముందు వచ్చేది ఇన్సులిన్‌ మీది యాంటీబాడీ.