క్యూబిజం: అపోహలు – వాస్తవాలు

తైలవర్ణాలతో చిత్రాలు వేయడం, చిత్రకళ నేర్చుకునేవారికి పాఠాలు చెప్పడం నా వృత్తి. 1907 నుంచి 1914 వరకు ప్యారిస్‌లో రూపుదిద్దుకున్న చిత్రకళా ధోరణి క్యూబిజం గురించి నా తరగతుల్లో ప్రతి ఏటా కొన్ని అభిప్రాయాలు అవే మాటల్లో వినిపిస్తుంటాయి. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, మరికొన్నింటిలో సగం నిజం ఉంది. ఆ సగం నిజాలే చిత్రాన్ని సరిగా చూడనివ్వవు.

అపోహ: వస్తువులను ఘనాలుగా మార్చి గీయడమే క్యూబిజం.

వాస్తవం: ఈ పేరు చిత్రకారులు తమకు తాము పెట్టుకున్నది కాదు. 1908లో జార్జ్ బ్రాక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎస్తాక్‌లో ఉండి, అక్కడి ఇళ్లనూ చెట్లనూ చిత్రించాడు. ఆ ఏటి సలోన్ దోతోన్ ప్రదర్శనలో వాటికి చోటు దక్కలేదు. నవంబరులో డానియెల్ హెన్రీ కాన్‌వైలర్ తన చిన్న గ్యాలరీలో వాటిని ప్రదర్శించగా, లూయీ వోసెల్ అనే విమర్శకుడు, బ్రాక్ అన్నింటినీ ఘనాలుగా కుదించేస్తున్నాడని పత్రికలో రాశాడు. ఆ ఎత్తిపొడుపు మాటే తర్వాత పేరుగా స్థిరపడింది.

బ్రాక్‌కు దారి చూపిన పాల్ సెజాన్ 1904లో ఒక యువ చిత్రకారుడికి రాసిన ఉత్తరంలో, ప్రకృతిని స్థూపం (సిలిండర్), గోళం, శంకువు ద్వారా చూడమన్నాడు. ఘనం ప్రస్తావనే అందులో లేదు. సెజాన్ 1906లో మరణించగా, మరుసటి ఏడాది ప్యారిస్‌లో జరిగిన ఆయన చిత్రాల పెద్ద ప్రదర్శన యువ చిత్రకారులను కుదిపేసింది. వారు ఆయన నుంచి తీసుకున్నది జ్యామితి కంటే ముఖ్యమైన మెలకువ ఒకటి: ఆకారం అంచును పూర్తిగా మూసేయకుండా ఒకచోట తెరిచి ఉంచి, దాని తలం (చదునైన ముఖం) పక్క తలంలోకి జారిపోయేలా చేయడం. బ్రాక్ వేసిన ఎస్తాక్ ఇళ్లకు తలుపులూ కిటికీలూ లేవు, పైన ఆకాశం లేదు. ఒక గోడ మీద వెలుగు ఒక వైపు నుంచి పడుతుంటే, పక్క గోడ నీడ దానికి పొసగదు.

అపోహ: ఒక వస్తువును అన్ని వైపుల నుంచి చూసి, ఆ దృశ్యాలను ఒకే చిత్రంలో అతికించడమే క్యూబిజం.

వాస్తవం: ఇది సగం నిజం. వస్తువు చుట్టూ తిరిగి చూసే చూపు గురించి ఆనాడే జాన్ మెట్సింజే అనే క్యూబిస్టు చిత్రకారుడు రాశాడు, ఆయన చిత్రాల్లో అది కనిపిస్తుంది కూడా. కానీ బ్రాక్, పికాసోల చిత్రాలకు ఈ సూత్రం చాలదు. బ్రాక్ 1910 ప్రాంతంలో పూర్తి చేసిన, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియంలో ఉన్న ‘వయొలిన్, కూజా’ చిత్రాన్ని చూడండి. వయొలిన్ మెడ, తీగలు తేలికగానే గుర్తుపట్టవచ్చు. కిందికి వచ్చేకొద్దీ దాని ఒళ్లు పగిలి తలాలుగా విడిపోతుంది. వెనుక గోడ కూడా అలాగే పగిలి ఉంటుంది. వయొలిన్ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పలేం, ఎందుకంటే వస్తువుకూ దాని చుట్టూ ఉన్న ఖాళీకీ ఒకే బరువు, ఒకే పదార్థం ఇచ్చాడు. ఇంత విరిచిన చిత్రంలో పైభాగాన ఒక మేకును మాత్రం, దాని నీడతో సహా, నిజమైన మేకని భ్రమపడేంత పాత పద్ధతిలో వేశాడు. ఐదు వందల ఏళ్లుగా యూరప్ చిత్రకారులు నమ్ముకున్న భ్రమ కూడా ఒక పద్ధతి మాత్రమేనని, దాన్ని కావాలనుకుంటే వాడవచ్చు, లేకుంటే పక్కన పెట్టవచ్చని ఆ మేకు చెబుతోందని నేను అనుకుంటాను. క్యూబిజం మొత్తంలో నాకు అన్నింటికంటే ప్రియమైన చోటు అదే.

క్యూబిస్టు చిత్రం వేయమంటే విద్యార్థులు తరచుగా ముఖాన్ని నల్లని గీతలతో త్రికోణాలుగా కోసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపుతారు. బ్రాక్ తలాన్ని దగ్గరగా చూస్తే అక్కడ గడులే లేవు. తలానికి ఒక అంచు ముదురుగా, పదునుగా ఉంటుంది. దాని నుంచి చిన్న చిన్న కుంచె పూతలతో రంగు పలచబడుతూ వెళ్లి, రెండో అంచు దగ్గర వెనుక ఉన్న తలంలో కలిసిపోతుంది. గోధుమ, బూడిద రంగులకే పరిమితం కావడానికీ కారణం ఇదే: ముదురు ఎరుపో నీలమో వస్తే కన్ను ఆ రంగు దగ్గరే ఆగిపోయి, ఈ జారుడును పట్టుకోలేదు.

అపోహ: క్యూబిజం పికాసో ఒక్కడి సృష్టి.

వాస్తవం: బ్రాక్ పేరు లేకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. ఆయన ఇళ్లకు రంగులు, అలంకరణలు వేసే కుటుంబం నుంచి వచ్చాడు. దువ్వెనతో తడి రంగును గీరి, చెక్క పొరల భ్రమ తెప్పించే పనివాళ్ల విద్య ఆయన చేతిలో ఉంది. 1912 సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్స్‌లోని సోర్గ్‌లో ఉన్నప్పుడు, చెక్క పొరలు అచ్చువేసిన గోడకాగితాన్ని కత్తిరించి బొగ్గు చిత్రం మీద అతికించాడు. అంతకు కొద్ది నెలల ముందే పికాసో, కుర్చీ పేము అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్‌ను ఒక నిశ్చల చిత్రంలో అతికించి, చుట్టూ చట్రంగా తాడు బిగించాడు. ఎవరు ఎవరికంటే ముందన్న లెక్క కంటే, ఇద్దరూ ఒకరి స్టూడియోకి ఒకరు వెళ్లి, ఒకరి పనికి మరొకరు బదులు చెబుతూ సాగారన్నది ముఖ్యం. 1911లో ప్యారిస్‌లోని సలోన్ దెజ్ ఎండిపెండాంట్ ప్రదర్శనలో 41వ గదిలో జనం మొదటిసారి పెద్ద ఎత్తున చూసిన క్యూబిజంలో వీరిద్దరూ లేరు. అక్కడ ఉన్నది మెట్సింజే, గ్లేజ్, లెజే, డెలోనే, ల ఫొకోనియే.

అపోహ: ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం నుంచే క్యూబిజం పుట్టింది.

వాస్తవం: 1905 నాటి ఆ సిద్ధాంతం భౌతిక శాస్త్రవేత్తల పరిధి దాటి లోకానికి తెలిసింది 1919లోనే. క్యూబిస్టుల్లో కొందరు మాట్లాడుకున్న నాలుగో పరిమాణం జ్యామితికి చెందినది, కాలానికి సంబంధించినది కాదు.

అపోహ: ఆఫ్రికన్ ముసుగులను అనుకరిస్తే క్యూబిజం వచ్చింది.

వాస్తవం: 1907లో పికాసో వేసిన ‘లే దెమ్వజెల్ దావిన్యోన్’ చిత్రంలో కుడివైపు రెండు ముఖాల మీద ఆ ప్రభావాన్ని చాలామంది చూస్తారు. మిగతా ముఖాల్లో స్పెయిన్ ప్రాచీన ఐబీరియన్ శిల్పాల పోలికలున్నాయి. సెజాన్ చిత్రాల పాత్ర కూడా తక్కువేమీ కాదు. అయితే పికాసో ప్యారిస్‌లోని ట్రొకాడెరో మ్యూజియంలో చూసిన ఆఫ్రికన్ శిల్పాలు చాలావరకు వలస పాలన దారిలో వచ్చినవి, వాటిని చెక్కిన కళాకారుల పేర్లు అక్కడ నమోదు కాలేదు. ఆ రుణాన్ని తక్కువ చేసి చెప్పడం కూడా తప్పే.

అపోహ: క్యూబిస్టు చిత్రంలో వస్తువే ఉండదు.

వాస్తవం: పికాసో 1910లో వేసిన కాన్‌వైలర్ చిత్తరువును ఓపికగా చూస్తే జుట్టు పాపిడి, గడియారం గొలుసు, ఒకదానిలో ఒకటి చేర్చిన చేతులు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. వస్తువు ఆనవాలు పూర్తిగా చెరిగిపోయే అంచు దాకా వెళ్లినప్పుడల్లా, పికాసో, బ్రాక్ ఇద్దరూ ఒక గాజు గ్లాసో, అచ్చు అక్షరాలో తెచ్చి చిత్రాన్ని మళ్లీ లోకానికి కట్టేశారు. ఆ అంచు దాటి, వస్తువే లేని చిత్రాల వైపు వెళ్లింది మోండ్రియాన్, మాలెవిచ్ వంటి చిత్రకారులు.

అపోహ: మన దేశానికి క్యూబిజం స్వాతంత్ర్యం తర్వాతే వచ్చింది.

వాస్తవం: 1920ల ఆరంభంలోనే కలకత్తాలో గగనేంద్రనాథ్ ఠాగూర్ తలాలుగా విరిగిన చిత్రాలు వేశాడు. 1922లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఆయన్ను భారతీయ క్యూబిస్టుగా పరిచయం చేస్తూ వ్యాసం రాసింది. ఆ డిసెంబరులో కలకత్తాలో జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాల కళాకారుల పనులతో పాటు ఆయన చిత్రాలూ ప్రదర్శనకు వచ్చాయి. ప్యారిస్‌లో బల్ల మీది సీసా, వయొలిన్ కోసం పుట్టిన ఆ తలాలను ఆయన చీకటి మందిరాలకూ మెట్లకూ, వాటి మీద చీలి పడే వెలుగుకూ వాడాడు. వస్తువు గట్టిదనాన్ని ప్రశ్నించడం మీద ఆయనకు పెద్దగా ఆసక్తి లేదు, అందుకే ఆ చిత్రాలను బ్రాక్ కొలతతో తూచకూడదు.