సంచిలో గంట, జేబులో కాగితం

‘ములే పళవణారీ టోళీ’, అంటే పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఇలాంటివి రెండు భాషల్లో వస్తాయి. పొద్దున మరాఠీలో వచ్చిన ఫొటోనే సాయంత్రానికి ‘పిల్లలనెత్తుకపోయేటోళ్ళు’ అన్న తెలుగు ముక్కతో మళ్ళీ ఫోన్లో పడుతుంది. దాని వెనకే పాత డిమాండ్ కూడా లేచింది: భిక్షకు వచ్చేవాళ్ళు ముందు ఠాణాలో పేరు రాయించుకోవాలి, ఆధార్ చూపించాలి, ముద్ర వేసిన కాగితం ఉంటేనే ఊళ్ళో తిరగాలి.

1871లో బ్రిటిష్‌వాళ్ళు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన సంగతి అందరికీ తెలిసిందే. అక్కడి నుంచి ఎత్తుకోవడం లేదు. ఇప్పటి గొడవకు మూలం 2018 జులై 1.

ఆ ఆదివారం మహారాష్ట్రలోనే ధూళే జిల్లా సాక్రీ తాలూకా రైన్‌పాడాలో సంత. సోలాపూర్ జిల్లా మంగళ్‌వేఢా వైపు నుంచి బతకడానికి వచ్చిన నాథపంథీ డవరీ గోసావీలు ఐదుగురు అక్కడ బస్సు దిగారు. తరాలుగా భిక్షాటనే వాళ్ళ వృత్తి. ఒక చిన్నపాపతో మాట్లాడుతుంటే చూసినవాళ్ళకు అనుమానం వచ్చింది. గ్రామపంచాయతీ ఆఫీసు గదిలోకి లాక్కెళ్ళి కొట్టారు. ఐదుగురూ చచ్చిపోయారు.

అంతకు ఐదు వారాల ముందే, మే నెలాఖరులో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే పుకారుతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. బైక్ మీద ఇద్దరొచ్చి ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ణి తెచ్చి దింపేసి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ ముక్క కోసేసి మిగతాది వదిలారు.

రైన్‌పాడా తర్వాత కదలిక వచ్చింది. మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులు ఆపడానికి జిల్లాకో నోడల్ అధికారి ఉండాలంది, ఎస్పీ స్థాయికి తగ్గకుండా. రెండూ బాగానే ఉన్నాయి. ఊళ్ళల్లో మాత్రం భారం ఇంకో వైపు జరిగింది. కొట్టేవాళ్ళు ఆగాలన్న మాట పోయి, తిరిగేవాళ్ళే తాము మంచివాళ్ళమని రుజువు చూపించుకోవాలన్న మాట స్థిరపడింది. నా లెక్కలో మలుపు అదే.

ధర్మాబాద్ బస్టాండు దగ్గర ఛాయ్ హోటల్లో భిక్షతో బతికే కాటిపాపల కులం పెద్దాయన ఒకరు కలిశాడు. గంట, శంఖం ఈ కులానికి గుర్తు. ఆయన గంట సంచి అడుగున, లుంగీలో చుట్టి ఉంది. పై జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్స్, నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర కాగితం చిరిగితే వెనక టేపు అంటించాడు. గుండ్రటి ముద్ర సగం ఆ టేపు కిందే ఉంది. ‘గంట కొడితే ఎనుకట దేవుని మనిషి అంటుండిరి సారూ. ఇప్పుడు పోరగాండ్లు ఫోను బయటికి తీస్తున్నరు,’ అన్నాడు. ఆయన ఆధార్‌లో తెలంగాణ అడ్రసు ఉంది. అక్కడ కాటిపాపల అంటే బీసీ-ఎ. సరిహద్దు ఇవతల, మహారాష్ట్రలో ఆ కులమే మసణ్‌జోగి, సంచార జాతుల్లో ఎన్‌టీ-బి. అక్కడి సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. బుడబుక్కల వాళ్ళదీ ఇదే తంటా.

ఈ ఠాణా ముద్ర కాగితం కొత్తదేం కాదు. 1924 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద రిజిస్టరులోకి ఎక్కినవాళ్ళు చెప్పిన వేళకు హాజరీ వేయించుకోవాలి, మకాం మార్చితే తెలియజేయాలి. అందులో 24వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. రిజిస్టరులో ఉన్న మనిషి దొంగతనానికి సిద్ధమవుతున్నట్టు కోర్టుకు అనిపించే పరిస్థితిలో కనబడితే చాలు, మూడేళ్ళ దాకా జైలు. ఏమీ పోయి ఉండక్కర్లేదు. నాందేడ్ అప్పట్లో నిజాం రాజ్యం కాబట్టి ఆ బ్రిటిష్ చట్టంతో ఇక్కడికి సంబంధమేంటని కొందరు వాదిస్తారు. సంచార జాతులకు సరిహద్దు ఎప్పుడుంది గనక!

ఆ చట్టాన్ని 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. అలా ముద్ర తొలగిన విముక్త జాతులు ఇప్పటికీ ఆ తారీఖును పండగలా జరుపుకుంటాయి. మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో వడ్డెరలూ ఉన్నారు. రాళ్ళు కొట్టి, మట్టి మోసి బతికే ఈ కులంలో చాలామంది ఇళ్ళల్లో ఇంకా తెలుగే. కానీ పాత చట్టం పోయాక 1959లో బొంబాయి అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. ఇది కులాన్ని కాకుండా మనిషినే చూస్తుందన్నారు. రిజిస్టరు మాత్రం పోలేదు. 2024 అక్టోబర్ 3న జైలు మాన్యువళ్ళలో కులవివక్ష మీద తీర్పు ఇస్తూ, విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూసుకోవాలని సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది.

పిల్లలున్న ఇళ్ళల్లో టెన్షన్ ఉంటుంది, కాదనలేం. పేరు రాసుకుంటే తప్పేంటి, కాగితం వాళ్ళకే రక్షణ కదా అని ఊరివాళ్ళు అడుగుతున్నారు. పెద్దాయనను అదే అడిగాను. గుంపు మీదికొచ్చినప్పుడు మడతలు విప్పే టైమ్ ఎవరిస్తారని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆయన కాగితం మీద రాసిన గడువు నెలే. నెలాఖరుకు మళ్ళీ ఠాణా బెంచీ మీద కూర్చోవాలి. అలా పోయిన రోజు భిక్ష ఉండదు. గంట ఈసారి ఇంటి దగ్గరే వదిలేసి వస్తానన్నాడు.