టైరు గాడిలో పిట్టపిల్ల

మే నెల మధ్యాహ్నం ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర, అంటే అది సముద్రంలో కలిసే చోట, ఎండిన ఇసుక మీద చెప్పుల్లేకుండా నాలుగు అడుగులు వేయలేం. ఆ ఇసుకలోనే, అరచేతి గుంటంత పల్లంలో, చేపలు పట్టి బతికే చిన్న టెర్న్ అనే పిట్ట రెండో మూడో గుడ్లు పెడుతుంది. గూడు అనడానికి పుల్ల ఉండదు, ఈక ఉండదు. మహా అయితే నాలుగు గవ్వపెంకులు ఉంటాయి. గుడ్డు పొడవు సుమారు 32 మిల్లీమీటర్లు, రంగు ఇసుకదే, మీద బూడిద, గోధుమ మచ్చలు. ఒంగి వెతికేవాడి కంటికే అది సులువుగా చిక్కదు. ఆ ఇసుక మీద బండి నడిపేవాడికి చిక్కే ప్రశ్నే లేదు.

గంజాం తీరంలో ఇలాంటి చోట్లు నదుల మొగల దగ్గరే ఎక్కువ. ఛత్రపురం దగ్గర రుషికుల్య సముద్రంలో కలుస్తుంది. బాహుదా గజపతి కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం పక్కగా ఆంధ్రలో కొంత దూరం తిరిగి, మళ్లీ ఒడిశాలోకి పోయి సోనాపూర్ దగ్గర కలుస్తుంది. అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతుంటాయి కాబట్టి మొగల దగ్గర నాలుకల్లాంటి ఇసుకతిన్నెలు పెరుగుతాయి. అక్కడ చెట్టు ఉండదు, నక్క దాక్కునే పొద ఉండదు, రెండు వైపులా నీళ్లే. పిట్టకు కావాల్సింది సరిగ్గా అదే. తీపినీరు ఉప్పునీరు కలిసే ఆ చోటే చేపలూ మూగుతాయి. అందుకే ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు జాలర్ల తెప్పలూ, ఫైబర్ బోట్లను లాగే ట్రాక్టర్లూ, ఐసుపెట్టె కట్టిన మోటారు సైకిళ్లూ, సెలవు రోజున బరంపురం నుంచి గాలం కర్రతో వచ్చేవాళ్లూ అటే పోతారు. ఎవరి అవసరం వాళ్లది. గొడవంతా ఆ కొన్ని వందల మీటర్ల ఇసుక మీదే.

బండి గుడ్డు మీదికి ఎక్కితేనే నష్టమని చాలామంది అనుకుంటారు. టైరు తాకకుండా పోయే గుడ్లూ తక్కువేమీ కావు. వేసవిలో ఎండిన ఇసుక పైపొర 50 డిగ్రీలు దాటుతుంది. గుడ్డులోని పిండం 40 డిగ్రీల పైన ఎక్కువసేపు తట్టుకోలేదు. పగటిపూట తల్లి గుడ్ల మీద కూర్చున్నది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. మధ్యలో నీటి అంచుకు పోయి పొట్ట ఈకలు బాగా తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. తీతువు, టెర్న్, నీటి అంచున పరుగెత్తే చిన్న పిట్ట ప్లోవర్, అన్నీ చేసే పనే ఇది. ఒక బండి దాటిపోతే తల్లి లేచి నిమిషంలో తిరిగొస్తుంది. అదే బండి అక్కడ ఆగి, మనుషులు దిగి, గాలాలు వేసుకుని కూర్చుంటే తల్లి పైన తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది. గుడ్లు కింద ఉడుకుతుంటాయి. తీతువు కూత అపశకునమని మన ఇళ్లలో అంటారు. ఇసుకతిన్నె మీద ఆ కూతకు అర్థం ఒకటే: గుడ్లో పిల్లలో దగ్గరలో ఉన్నాయి, వెనక్కి పొమ్మని.

గుడ్లున్న చోట చుట్టూ తాడు కట్టడం సులువు. చాలాచోట్ల కాపాడే పని అక్కడితో ఆగిపోతుంది, నష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. టెర్న్ పిల్లలకు తల్లీతండ్రీ చేపలు తెచ్చి పెడతారు, అందుకని అవి పుట్టిన చోటుకి దగ్గర్లోనే ఉంటాయి. వాటికి తాడు చాలావరకు సరిపోతుంది. ప్లోవర్ పిల్ల సంగతి వేరు. గుడ్డు పగిలిన కొన్ని గంటలకే ఒళ్లు ఆరి లేచి నడుస్తుంది. దానికి ఎవరూ తిండి పెట్టరు. తానే నడిచి తడి ఇసుకకు పోయి, అల వదిలిన నాచులో పురుగులు ఏరుకోవాలి. గుడ్డు ఉన్నది పైన పొడి ఇసుకలో, తిండి ఉన్నది కింద నీటి అంచులో, బండ్ల దారి సరిగ్గా ఆ రెంటి మధ్యన. ఆరు ఏడు గ్రాముల పిల్ల ఎగరడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అన్ని రోజులూ అది ఆ దారిని దాటుతూనే ఉంటుంది.

దాటేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పొడి ఇసుకలో జీపు టైరు చేసే గాడి లోతు పది సెంటీమీటర్లకు పోతుంది. పిల్ల ఎత్తు అందులో సగం. దిగగలదు, అంచు జారుతుంది కాబట్టి ఎక్కడం కష్టం. గాలి తగలదు, సాయంత్రం నీడ ఉంటుంది, అందుకని గాడిలోనే కూర్చుండిపోతుంది. చప్పుడు వినగానే పరుగెత్తదు, కదలకుండా ఇసుకకు అతుక్కుపోతుంది. కాకికీ డేగకూ కనపడకుండా ఉండటానికి పనికొచ్చే తెలివి అది, టైరు ముందు అదే ప్రాణం తీస్తుంది. పరుగెత్తినా గాడి వెంటే, బండి ముందే పరుగెడుతుంది. ఆ సమయానికి తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పోతుంది. నడిపేవాడి చూపు దాని మీదే ఉంటుంది. చక్రం పిల్ల మీదికి పోతుంది.

వేగం లెక్క కూడా చూడాలి. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. కాలు బ్రేకు మీదికి పోవడానికి సెకనున్నర పడుతుంది అనుకుంటే బండి అప్పటికే సుమారు 17 మీటర్లు పోయి ఉంటుంది. ఇసుక రంగు పిల్ల అంత దూరం నుంచి కనపడదు. 20 కిలోమీటర్ల దగ్గర అది 8 మీటర్లు. అప్పుడు కూడా పూచీ లేదు, కనీసం ముందు ఒక మనిషి నడుస్తుంటే ఆగే వీలుంటుంది. పిల్లలు తిరిగే రోజుల్లో బండి తప్పనిసరైతే చేయాల్సింది అదే: ఒకరు దిగి ముందు నడవాలి, బండి మనిషి నడకతో రావాలి.

అమెరికాలో నార్త్ కరోలినా తీరంలోని కేప్ హాటెరాస్‌లో ఇదే తగువు ఏళ్ల తరబడి నడిచింది. గాలం వేసేవాళ్లు బండ్లతో మొగల దాకా పోవడం అక్కడ పాత అలవాటు. పైపింగ్ ప్లోవర్ 1986 నుంచి అక్కడి చట్టం కింద రక్షణ పొందిన పిట్ట. కోర్టు వ్యాజ్యాల తర్వాత 2012లో నిబంధనలు వచ్చాయి. పర్మిట్ లేనిదే బండి ఇసుకలోకి దిగకూడదు. పార, జాకీ, తక్కువ గాలిని కొలిచే గేజీ బండిలో ఉండాలి. వేగం గంటకు 15 మైళ్లు, అంటే సుమారు 24 కిలోమీటర్లు దాటకూడదు. ప్లోవర్ గుడ్ల చుట్టూ 75 మీటర్లు వదిలారు, పిల్లలు తిరుగుతున్నప్పుడు బండ్లకు 1,000 మీటర్లు మూసేశారు. గుడ్డుకీ పిల్లకీ మధ్య ఉన్న ఆ తేడాలోనే అసలు విషయం ఉంది. గాలం వేసేవాళ్లు గట్టిగా ఎదురు తిరిగారు. 2014 చివర్లో వచ్చిన చట్టం తర్వాత, రోజూ మనిషి కాపలా ఉండి చూసే చోట ఆ దూరాలు తగ్గించారు. అంటే మూసే దూరం తగ్గాలంటే కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. అదే బేరం గంజాంలో ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే తీరాన ఎప్పుడూ ఉండేవాళ్లు జాలర్లే. పురునబంధ, గొఖర్కుడా, పోడంపేట చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లు తాబేళ్ల కాపలాలో ఈ పని ఇప్పటికే నేర్చి ఉన్నారు.

ఇప్పుడు తాడు కట్టే పద్ధతి. గుడ్డు కనపడ్డాక ఒక్కో గుంట చుట్టూ కట్టడం తప్పు. ఆ హడావుడికే తల్లి వదిలేస్తుంది, కుక్కలు మనిషి జాడ పట్టి వస్తాయి. ఫిబ్రవరి మొదట్లోనే, గుడ్లు లేనప్పుడే, తిన్నె పైభాగం మొత్తాన్ని ఒకే పట్టీగా కట్టాలి. 200 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు పట్టీకి చుట్టుకొలత 520 మీటర్లు. ఐదు మీటర్లకొకటి చొప్పున 104 సరుగుడు కర్రలు, ముడులతో కలిపి 570 మీటర్ల కొబ్బరి తాడు కావాలి. కర్ర పొడవు 1.8 మీటర్లు, అందులో 60 సెంటీమీటర్లు ఇసుకలో దిగాలి. లేకపోతే మొదటి పెద్దగాలికే వాలిపోతుంది. పై కొసను ఏటవాలుగా చెక్కాలి. చదునుగా వదిలితే కాకి వాలి, అక్కడ కూర్చుని గుడ్లు వెతుక్కుంటుంది. కాపాడటానికి పాతిన కర్రే గుడ్లు తినేవాడికి మంచె అవుతుంది. తాడు నేలకు ముప్పాతిక మీటరు ఎత్తులో ఉంటే కింద నుంచి పిల్లా పోతుంది, గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలూ పోతుంది. పాత నైలాను వల కడితే మాత్రం రెండూ చిక్కుకుంటాయి. బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి, గుడ్ల పక్కన కాదు, దారి మొదట్లో.

తాడుకీ నీటికీ మధ్య బండి నడవగలిగింది పోటు గీతకు కింద ఉన్న తడి ఇసుకే. తడి వల్ల రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, గాడి పడదు, పడినా తర్వాతి పోటుకు చెరిగిపోతుంది. ఆ పట్టీ ఎప్పుడూ ఉండదు. పాటుకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా పోయి రావాలి, ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. జాలరికి ఇది తిథి చూస్తేనే తెలుస్తుంది. అమావాస్య, పున్నమి దాటాక ఒకటి రెండు రోజులు పోటు బాగా పైకెక్కుతుంది. పట్నం నుంచి వచ్చినవాడు వేళ చూసుకోడు. నీళ్లు ఎక్కేసరికి బండిని తాడు వైపు, పొడి ఇసుకలోకి ఎక్కిస్తాడు. దిగబడిందని చక్రం తిప్పితే మరీ దిగబడుతుంది. తాడు తెగేదీ గుడ్లు చితికేదీ ఎక్కువగా అప్పుడే.

దిగబడకుండా ఉండటానికి గాలి తీయాలి. రెండు టన్నుల జీపు టైర్లలో గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ ఉంటే నాలుగూ కలిపి నేలను ఆనేది సుమారు 890 చదరపు సెంటీమీటర్లు. 16కు దించితే అది ఇంచుమించు రెట్టింపవుతుంది, బరువు పరుచుకుంటుంది, గాడి లోతు తగ్గుతుంది. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలి, లేదంటే టైరు వేడెక్కి పగులుతుంది. మోటారు సైకిలు చిన్నది కదా అని వదిలేయకూడదు. జీపు పోలేని బాలబందతీగల్లోకీ రావణాసురుడి మీసాల గడ్డిలోకీ అదే పోతుంది. ఆ తీగలు తెగితే దిబ్బ గాలికి కదులుతుంది.

జాలర్ల సంగతి విడిగా చూడాలి. వాళ్ల ట్రాక్టరు సరదాకు రాదు, దాన్ని ఆపమనడం అన్యాయం. వాళ్లకు కావాల్సింది ఊరి నుంచి నీళ్లకు సూటిగా దిగే ఒక దారి, బోట్లు పెట్టుకునే చోటు. పిట్టలకు ముప్పు నీటి అంచు వెంట పొడుగ్గా పోయే దారి నుంచి. ఊరికో దారి గుర్తుపెట్టి, మొగ వైపు చివరి అర కిలోమీటరు ఎవరైనా నడిచే పోవాలని ఊరి పెద్దలే కట్టుబాటు చేస్తే సగం తగువు తీరుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం ఉంది, మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది. టెర్న్ పిట్టలు గుడ్లు పెట్టి పొదిగేది ఆ రోజుల్లోనే. ట్రాక్టర్ల రాకపోకలు తగ్గిన ఆ కాలంలో తీరాన తిరిగే బండ్లలో ఎక్కువ సరదాకు వచ్చినవే. మూయడం ఎవరి కూడూ తీయదు. ఫిబ్రవరి, మార్చిలలో మూకుమ్మడిగా గుడ్లు పెట్టే తాబేళ్ల పిల్లలు సముద్రానికి నడిచేదీ ఏప్రిల్, మే నెలల్లోనే. అదే గాడి వాటినీ ఆపుతుంది, హెడ్‌లైటు వాటిని వెనక్కి తిప్పుతుంది.

ఈ నష్టం జరిగేది చట్టం లేక కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో అడవి పిట్టల గుడ్లను పాడుచేయడమూ, గూటిని కదిలించడమూ వేట కిందికే వస్తాయి. 2019 తీరప్రాంత నిబంధనల్లో పిట్టలు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి తరగతిలో ఉన్నాయి.

గాలం వేసేవాళ్లు బండి దిగి నడిచినా ఇంకో రెండు పనులు చేయాలి. తెగిన ప్లాస్టిక్ దారం ఒక్క మూర కూడా వదలకూడదు. అది పిట్ట కాలికి చుట్టుకుని, బిగిసి, వేలు కోసేస్తుంది. ఎర ముక్కలు, చేప పేగులు ఇసుకలో పారేయకూడదు. వాటి కోసం వచ్చిన కాకులూ కుక్కలూ తర్వాత వెతికేది గుడ్లనే.

తాడు విప్పేది తేదీ చూసి కాదు. కాపలా మనిషి తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసి ఎన్ని పిల్లలు నడుస్తున్నాయో, ఎన్ని ఎగురుతున్నాయో రాసుకోవాలి. మొదటి విడత వరదకో కాకికో పోతే తల్లి రెండు మూడు వారాల్లో మళ్లీ పెట్టొచ్చు. నడిచే పిల్ల ఒక్కటీ కనపడని రోజు నుంచి వారం ఆగి, గుడ్ల మీద కూర్చున్న పిట్ట లేదని రూఢి చేసుకుని, అప్పుడు కర్రలు పీకి, తాడు చుట్టి, వచ్చే ఫిబ్రవరికి పొడిచోట దాచాలి.