సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదా? నాజిల్స్ మార్చే ముందు ఇది చదవండి

ఈ నెలలో ఇది మూడో ఫోను. "అన్నా, మా క్యాంపర్ వ్యాను పొద్దున పూట స్టార్ట్ కావడం లేదు. నాజిల్స్ పోయాయంటున్నారు, మార్చేయమందామా?" పైపు ఒక్కటి విప్పి చూసినవాళ్లు లేరు, స్కానర్ పెట్టినవాళ్లు లేరు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్సే పోయాయని మాత్రం తేల్చేశారు.

మాది మదనపల్లె. బెంగళూరులో కేఆర్ పురం దగ్గర డీజిల్ బండ్ల పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈమధ్య వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉండే మనవాళ్లు ట్రావెలర్ లాంటి వ్యాన్లు కొని లోపల మంచాలు, ఫ్రిజ్, స్టవ్ పెట్టించుకుని గండికోట, లేపాక్షి, ఊటీ తిరుగుతున్నారు. ఆ బండి నెలలో ఇరవై రోజులు ఇంటి ముందే నిలబడి ఉంటుంది. స్టార్టింగ్ జబ్బుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

అపోహ: సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే నాజిల్స్ గానీ హై ప్రెజర్ పంపు గానీ పోయినట్టే.

జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్న మాట ఇదే. కామన్ రైల్ ఇంజిన్‌లో మీరు తాళం తిప్పగానే డీజిల్ సిలిండర్‌లోకి పోదు. రైల్‌లో, అంటే పంపు నుంచి వచ్చిన డీజిల్ నిలిచి అన్ని నాజిల్స్‌కూ పోయే ఉమ్మడి గొట్టంలో, ప్రెజర్ ఒక స్థాయికి చేరాలి. చాలా ఇంజిన్లలో అది 200 నుంచి 300 బార్ మధ్య ఉంటుంది. అంతవరకూ ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, నాజిల్స్‌ని తెరవనే తెరవదు. పంపులోకి డీజిల్‌తో పాటు గాలి పోయిందనుకోండి, గాలి నలుగుతుంది కాబట్టి ప్రెజర్ లేవదు. సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. నాజిల్స్ బంగారంలా ఉన్నా అంతే.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేని బండ్లలో ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు డీజిల్‌ని పీల్చుకునే పైపు. అందులో చిన్న పగులున్నా, ఫిల్టర్ మూత దగ్గర రబ్బరు రింగు గట్టిపడినా, వాషర్ నలిగినా డీజిల్ బయటికి కారడం కంటే గాలి లోపలికి పోవడమే ఎక్కువ. కింద చుక్క కూడా కనబడదు. "లీకు ఎక్కడా లేదు సార్, కాబట్టి నాజిల్సే" అనేస్తారు. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి దూరి, పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అందుకే పొద్దున మొండికేసిన బండి, ఒకసారి అందుకున్నాక సాయంత్రం వరకూ ఎన్నిసార్లు ఆపినా చక్కగా స్టార్ట్ అవుతుంది.

పోయిన ఏడాది కడప వాళ్లు, ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే భార్యాభర్తలు, అమ్మానాన్నలను తీసుకుని హార్స్‌లీ హిల్స్ వెళ్లారు. రాత్రి బండిని ఎత్తు వైపు ముఖం పెట్టి ఆపారు. పొద్దున స్టార్ట్ కాలేదు. పెద్దావిడకు ఇన్సులిన్ అవసరం, అది వ్యానులోని ఫ్రిజ్‌లో ఉంది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా దిగిపోయింది. ఆ అమ్మాయి ఫోన్లో మాట్లాడుతుంటే గొంతు వణుకుతోంది. ఎవరికైనా టెన్షన్ రాదా? అంతకుముందు నెలలోనే ఒక షెడ్డులో నాలుగు నాజిల్స్ మార్పించి లక్షకు దగ్గరగా కట్టి ఉన్నారు. అయినా మళ్లీ అదే జబ్బు.

"అమ్మా, మీ ఇంటి ముందు బండి ఎటు ముఖం పెట్టి ఆపుతారు?" అని అడిగాను. వాళ్ల వీధి వాలుగా ఉందట. ఎత్తు వైపు ముఖం పెట్టిన రోజునే ఎక్కువ ఇబ్బంది అని ఆమె అప్పుడు గుర్తు చేసుకుంది. ట్యాంకు వెనక, ఇంజిన్ ముందు. ముఖం పైకి ఉంటే డీజిల్ వెనక్కి ఇంకా తేలిగ్గా జారుతుంది. ఫిల్టర్ పైన చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు, ప్రైమర్ ఉంటుంది, అది గట్టిపడే దాకా నొక్కమన్నాను. పక్క బండి నుంచి కేబుల్ వేసి సెల్ఫ్ కొడితే రెండో తిప్పులో అందుకుంది.

ఇక్కడికి తెచ్చాక ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శక పైపు ముక్క పెట్టి చూపించాను. బుడగలు వరసగా పోతున్నాయి. ఫిల్టర్ మార్చినప్పుడు కొత్త రింగు వేయకుండా పాతదే బిగించారు. జేసీ రోడ్డులో ఆ రింగు కొనడానికి వంద రూపాయలు కూడా కాలేదు. వాళ్లు పాత నాజిల్స్ అడిగి తెచ్చుకోవడం మంచిదైంది. పంపు-నాజిల్ షాపులో టెస్ట్ బెంచి మీద పెట్టిస్తే నాలుగూ బాగున్నాయి.

నాజిల్స్ అసలు పోవని నేననను. పోతాయి. కానీ వాటి వంతు చివర్లో. ముందు ప్రైమర్, ఆ తర్వాత బుడగలు, ఆ తర్వాత సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో రైల్ ప్రెజర్ ఎంత వస్తోందో చూడాలి. అప్పటికీ ప్రెజర్ లేవకపోతే నాలుగు నాజిల్స్ నుంచి మిగులు డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి ఏది ఎక్కువ డీజిల్ వదులుతోందో కొలవాలి. ఈ కొలత చూపించకుండా నాజిల్స్ మార్చాలనే చోట బండి వదలకండి.

పాత రకం పంపు ఉన్న బండ్లలో నాజిల్ పైపు నట్టు లూజు చేసి గాలి తీసేవాళ్లం. కామన్ రైల్‌లో ఆ పని చేయకూడదు. ఇంజిన్ నడుస్తుండగా రైల్‌లో వెయ్యి బార్ కూడా దాటవచ్చు. ఆ ప్రెజర్‌లో వచ్చే డీజిల్ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనబడినా చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. దయచేసి వీడియోలు చూసి స్పానర్ పట్టుకోకండి.

అపోహ: పైన సోలార్ ప్యానెల్ ఉంది, కాబట్టి బ్యాటరీ దిగదు.

సోలార్ సాధారణంగా లోపలి లైట్లు, ఫ్రిజ్ నడిపే బ్యాటరీకే పోతుంది. ఇంజిన్ తిప్పే బ్యాటరీ వేరు. రెంటినీ విడిగా ఉంచే ఐసోలేటర్ మధ్యలో లేకుండా కలిపేస్తే రాత్రి ఫ్రిజ్ రెండిటినీ తాగేస్తుంది. బండి రాత్రంతా ఆగాక ఇంజిన్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగానికి దిగినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కింద పడకూడదు.

కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఎర్త్ చూడండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది, దానికీ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీయే కరెంటుకు దారి. లోపల చెక్కపని చేయించినప్పుడు ఆ పట్టీ విప్పి, మళ్లీ పెయింట్ మీదే బిగించిన బండ్లు నేను చాలా చూశాను. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే తప్పు ఎర్త్‌లోనే ఉంది. రుద్ది బిగిస్తే సరిపోయేదానికి మూడు బ్యాటరీలు మార్చినవాళ్లు ఉన్నారు.

మిగతావి తొందరగా చెప్తాను. స్టార్టింగ్‌కి సిలిండర్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్‌లు పోవడం వల్లే బెంగళూరులో బండి అసలు స్టార్ట్ కాదంటే నమ్మకండి. ఊటీ చలిలో మాత్రం వాటి అవసరం నిజం. స్టార్టింగ్ స్ప్రే కొట్టనివ్వకండి, వేడిగా ఉన్న హీటర్ ప్లగ్ తగిలితే అది వేళ తప్పి పేలి పిస్టన్ విరగ్గొట్టగలదు. సెల్ఫ్‌ని ఒక్కసారికి పది సెకన్లు మించి తిప్పకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి. ఇంటి ముందు రోజూ పది నిమిషాలు ఐడిల్‌లో నడిపితే బ్యాటరీ నిండదు. వారానికోసారి హోసకోట దాకా వెళ్లి రండి. వానాకాలంలో ఫిల్టర్ కింద మర తిప్పి అందులో చేరిన నీళ్లు బయటికి వదలండి. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్ట్ అయి, వేడెక్కాక ఆపితే మొండికేసి, అరగంట చల్లారాక మళ్లీ అందుకుంటే ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు అసలు కదలకపోవడం దానికి మంచి గుర్తు.

నాకైనా, మీ దగ్గర్లోని మెకానిక్‌కైనా ఫోన్ చేసేటప్పుడు "స్టార్ట్ కావడం లేదు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. సెల్ఫ్ జోరుగా తిరుగుతోందా, నీరసంగానా, టిక్ టిక్ అని ఆగిపోతోందా? ఇబ్బంది పొద్దున పూటా, వేడెక్కాకా? బండి ముఖం ఎత్తు వైపు ఉందా, పల్లం వైపా? ఈ జబ్బు మొదలయ్యే ముందు చివరిసారి ఏం విప్పారు? ఆ కడప వాళ్ల విషయంలో నాకు దారి చూపింది ఈ చివరి రెండు ప్రశ్నలే.